సవరణ: మెడ పరీక్ష గురించి రాసినదాంట్లో నా తప్పు

పోయిన వారం మెడనొప్పి పరీక్షల గురించి రాస్తూ, స్పర్లింగ్ పరీక్షలో (మెడలో నరం నొక్కుకుపోయిందేమో చూసే పరీక్ష) తల మీద నొక్కినప్పుడు మెడ నొప్పి పెడితే నరం నొక్కుకుపోయినట్టే అన్నాను. అది తప్పు. తలను కాస్త వెనక్కి, నొప్పి ఉన్న వైపుకి వంచి పైనుంచి మెల్లగా నొక్కినప్పుడు నొప్పి గానీ తిమ్మిరి గానీ చేతిలోకి పాకితేనే పాజిటివ్, అంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు అంటాం. మెడ దగ్గరే ఆగిపోయే నొప్పిని అలా లెక్కపెట్టం. పాకనంత మాత్రాన నరం బాగుందనీ తేల్చలేం. అందుకే చేతుల బలం, స్పర్శ, రిఫ్లెక్సులు (చిన్న సుత్తితో తట్టితే కండరం దానంతటదే కదలడం) కూడా చూస్తాం. తిమ్మిరి బొటనవేలి వైపు ఉంటే మెడలోని ఆరో నరాన్ని, మధ్యవేలికి ఉంటే ఏడోదాన్ని, చిటికెనవేలికి ఉంటే ఎనిమిదోదాన్ని అనుమానిస్తాం. (మెడలో పూసలు 7, నరాల జతలు మాత్రం 8.)

ఇంతకంటే పెద్ద లోపం, ఈ పరీక్ష ఎవరికి చేయకూడదో రాయకపోవడం. మెడకి దెబ్బ తగిలినవాళ్లకి అసలు చేయకూడదు. మన ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడిన మనిషిని లేపి కూర్చోబెట్టి మెడ తిప్పి చూస్తారు. పూస విరిగి ఉంటే వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. తలా మెడా కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగలకపోయినా, నడక తూలుతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే, మూత్రం అదుపు తప్పితే ఈ పరీక్ష చేయకుండా వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఈ పరీక్షని ఇంట్లో ఒకరికొకరు చేసి చూసుకోవచ్చని పోయిన వారం రాసిన వాక్యం తీసేశాను. ఎవరైనా అది చదివి ఉంటే, దయచేసి చేయకండి.