మూడు హెచ్చరికలు లేని వరద: డెల్టా మ్యాపుల్లో తప్పుతున్న లెక్క

కంప్యూటర్‌లో ఊరు కట్టి సైన్యంతో యుద్ధం చేసే ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 వచ్చింది 1999లో. ఇన్నేళ్లయినా ఆడేవాళ్లు తగ్గకపోవడానికి ఆటతోపాటే వచ్చే మ్యాప్ ఎడిటర్‌లో కూర్చుని అభిమానులు గీసిన మ్యాపులు పెద్ద కారణం. 2019లో కొత్త రూపంతో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. 2022లో డైనస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో ద్రావిడులు ఆటలోకి వచ్చారు, రాజేంద్ర చోళుడి పేరుతో ఒక కాంపెయిన్ కూడా వచ్చింది. ఆ తర్వాత మనవాళ్లకు తట్టే ఆలోచన ఊహించలేనిదేమీ కాదు. రాజేంద్రుడి అల్లుడు రాజరాజ నరేంద్రుడి రాజమహేంద్రవరం, సింహాసనం కోసం కాచుకున్న సవతి తమ్ముడు విజయాదిత్యుడు, వాడి వెనక కల్యాణి చాళుక్యులు, కింద గౌతమికీ వశిష్ఠకీ మధ్య కోనసీమ. మ్యాపుకి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. కానీ ఇలాంటి సరుకుతో గీసిన మ్యాపులు ఆడితే ఎక్కువసార్లు జరిగేది ఒకటే: మొదటి పావుగంట ఆవలింతలు, ఆ తర్వాత మూడు నిమిషాల్లో ఊరు బూడిద.

‘నా మ్యాపు చాలా కష్టం, ఎవరూ గెలవలేదు’ అని చెప్పుకోవడం గొప్పేమీ కాదు. ముప్పై ఏనుగుల్ని ఊరి పక్కన పుట్టించడం ఎవరికైనా చేతనవుతుంది. ఆటగాడికి ప్రమాదం తెలిసిన క్షణానికీ, దెబ్బ తగిలే క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉంది, ఆ వ్యవధిలో అతను చేయగల పనులు ఎన్ని ఉన్నాయి అన్నదే కష్టానికి అసలు కొలత. శత్రువుల సంఖ్య దాని తర్వాతి మాట.

ఈ లెక్క గోదావరి జిల్లాలవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. పైన భద్రాచలంలో మట్టం చూసి కింద లంకల్లో పశువుల్ని ఏటిగట్టు ఎక్కిస్తారు. కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న వార్త రాగానే తర్వాత ఏవి మునుగుతాయో జనానికి తెలుసు. వరద పెద్దదే, కానీ చెప్పి వస్తుంది. ఒక్కోసారి రెండో హెచ్చరిక దగ్గరే ఆగి తగ్గిపోతుంది కూడా. డెల్టా మ్యాపులో కొబ్బరిచెట్లు, పాయలు అన్నీ ఉంటాయి గానీ ఈ ఒక్కటే ఉండదు.

ముందు మొదటి పది నిమిషాల సంగతి చూద్దాం. మామూలు ఆరంభంలో ముగ్గురు విలేజర్లు (పనివాళ్లు), ఒక స్కౌట్ (వేగు) ఉంటారు. ఊరి నడిబొడ్డు భవనం టౌన్ సెంటర్ ఒక విలేజర్‌ని తయారుచేయడానికి 25 సెకన్లు. ఎక్కడా ఆగకుండా 18 మందిని చేస్తే 450 సెకన్లు, విలేజర్ల ప్రాణం పెంచే లూమ్‌కి ఇంకో 25. అప్పుడు 500 ఆహారం పెట్టి ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్ నొక్కితే 130 సెకన్లు. అంటే అలవాటున్న ఆటగాడు కూడా ఫ్యూడల్‌కి చేరేది పదో నిమిషం దాటాకే. ఆర్చరీ రేంజ్ కట్టడానికి ఒక్క విలేజర్‌కి 50 సెకన్లు, అందులో తయారయ్యే ఒక్కో స్కర్మిషర్‌కి (ఈటె విసిరే సైనికుడికి) 22. అయిదుగురు నిలబడేసరికి పన్నెండున్నర నిమిషాలు దాటుతుంది. కాబట్టి మొదటి దాడి ఊరిని తాకాల్సింది 780 సెకన్ల ప్రాంతంలో. చాలామంది దాడి టైమర్‌లో 600 వేస్తారు, ‘పది నిమిషాలు ఇచ్చాం కదా’ అంటారు. టైమర్ లెక్కించేది ఆటలోని సెకన్లు. నార్మల్ వేగం 1.7 రెట్లు కాబట్టి గోడ గడియారంలో ఆ పది నిమిషాలు ఆరు కూడా నిండవు.

అలాగని ఆ 780 సెకన్లూ ఖాళీగా వదిలేస్తే ఆవలింతలు మొదలవుతాయి. అయిదో నిమిషంలో పాయ అవతల ఇద్దరు శత్రు స్కౌట్లు కనిపించి వెనక్కి వెళ్లిపోతే చాలు. నష్టమేమీ లేదు, కానీ దాడి ఏ రేవు నుంచి వస్తుందో ఆటగాడికి తెలిసిపోతుంది. ద్రావిడులకు ఏజ్ మారినప్పుడల్లా 200 కర్ర ఉచితంగా వస్తుంది. పడవలు కట్టే డాక్‌కి 150, సైనికుల్ని తయారుచేసే బారక్స్‌కి 175. రెండూ ఒకేసారి రావు. చేపలకు పోవాలా, రేవు కాయాలా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆ స్కౌట్లు కనిపించకపోతే ఇది ప్రశ్నే కాదు, అందరూ డాకే కడతారు.

తర్వాత నడక వేగం. ఎడిటర్‌లో పటం మీద చూస్తే సైన్యం ఒకటే ముద్దలా ఉంటుంది, దారిలో అలా ఉండదు. నైట్ (గుర్రపు యోధుడు) సెకనుకు మ్యాపు మీద 1.35 గళ్లు నడుస్తాడు. ఏనుగు మీది విలుకాడు 0.8, రాళ్లు విసిరే మాంగొనెల్ 0.6, గోడలు పగలగొట్టే బ్యాటరింగ్ రామ్ 0.5. శత్రు శిబిరం నుంచి ఊరికి 120 గళ్లు అనుకుంటే నైట్లు 89 సెకన్లలో వచ్చేస్తారు, రామ్‌లు రావడానికి 240 పడుతుంది. అందరినీ ఒకే ట్రిగ్గర్‌లో (ఫలానా సమయానికి ఫలానాది జరగాలని ఎడిటర్‌లో పెట్టే ఆదేశంలో) వదిలితే నైట్లు ముందొచ్చి చస్తారు, రెండున్నర నిమిషాల తర్వాత రామ్‌లు ఒంటరిగా వచ్చి చస్తాయి. తయారీదారు అది చూసి ‘దాడి చాలలేదు’ అనుకుని సంఖ్య రెట్టింపు చేస్తాడు. అసలు రోగం అది కాదు. అందరూ కలిసి తాకాలంటే రామ్‌లు 0 దగ్గర, మాంగొనెల్‌లు 40 దగ్గర, ఏనుగులు 90 దగ్గర, నైట్లు 150 దగ్గర బయల్దేరాలి. పాయలు తిరిగి రావాలి కాబట్టి అసలు దూరం ఎప్పుడూ గీతకంటే ఎక్కువే. ఒక్క యూనిట్‌ని ఆ దారిలో నడిపించి, సెకన్లు రాసుకుని, అప్పుడు టైమర్లు వేయాలి. మొదటి రెండు దాడులు మాత్రం విడివిడిగా రావడమే మేలు, ఆటగాడు ఒక్కొక్క రకాన్ని చూసి నేర్చుకుంటాడు.

ఇక వరద. దీన్ని ట్రిగ్గర్లతో పెట్టొచ్చు. లంక ప్రాంతాన్ని ఎంచుకుని, 5 సెకన్లకోసారి 10 చొప్పున నష్టం చేసే డ్యామేజ్ ఆబ్జెక్ట్ వేసి, మళ్లీ మళ్లీ జరిగేలా ట్రిగ్గర్‌ని లూప్‌లో పెట్టడమే. ఇక్కడ చాలా మ్యాపులు చెడిపోయే చోటు ఒకటుంది. ఏ రకం వస్తువుకు నష్టమో చెప్పకుండా వదిలేస్తే విలేజర్లకూ అదే దెబ్బ. విలేజర్ ప్రాణం 25, లూమ్ ఉంటే 40. ఇరవై సెకన్లలో లంక మీద ఒక్కడు మిగలడు, ఇళ్లు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంటాయి. కాబట్టి నష్టాన్ని కట్టడాలకే పరిమితం చేయాలి. ఫ్యూడల్ ఏజ్‌లో ఇంటికి 750 ప్రాణం. వరదని 200 సెకన్లు ఉంచితే 40 దెబ్బలు, 400 పోతుంది, 350 మిగులుతుంది. అంటే మొదటి వరదకి ఇల్లు పడదు. బాగుచేయకపోతే రెండో వరదకి పడుతుంది. బాగుచేయడానికి కర్ర స్వల్పమే, విలేజర్ల సమయమే ఖరీదు. లూప్‌ని ఆపే ట్రిగ్గర్ వేరుగా పెట్టడం మర్చిపోతే మాత్రం వరద ఆట ముగిసేదాకా తీయదు.

హెచ్చరికలు మూడూ పెట్టాలి, మధ్య వ్యవధి తగ్గుతూ రావాలి. 1200 దగ్గర మొదటిది, 1320 దగ్గర రెండోది, 1410 దగ్గర మూడోది, 1440కి నీళ్లు. తెర మీద డిస్‌ప్లే టైమర్ కనిపిస్తే ఇంకా మంచిది. విలేజర్లకు దెబ్బ లేకపోయినా, మునిగిన లంకలో పని సాగనివ్వని మ్యాపయితే వాళ్లని గట్టు మీదికి తేవాల్సిందే. విలేజర్ సెకనుకు 0.8 గళ్లు నడుస్తాడు, మూడో హెచ్చరిక తర్వాత మిగిలే 30 సెకన్లలో 24 గళ్లు. అంటే లంక చివర నుంచి గట్టుకి 24 గళ్లకు మించి ఉండకూడదు. ఆట మొత్తంలో ఒక్కసారైనా రెండో హెచ్చరిక దగ్గర ఆగిపోయే వరద ఉండాలి. అప్పుడుగానీ విలేజర్లని ముందే లాగాలా, ఇంకో నిమిషం పని చేయించాలా అన్న ఆలోచన రాదు.

వరద పోతూ ఏమైనా ఇచ్చి పోవాలి కూడా. గోదారి ఎర్రబడ్డాకే పులస ఎదురెక్కుతుంది. నీళ్లు తీసే ట్రిగ్గర్‌లోనే పాయలో ఆరు చేపల్ని పుట్టిస్తే, ఒక్కొక్కటి 225 చొప్పున 1350 ఆహారం. మూడో దశ కాజిల్ ఏజ్‌కి కావాల్సిన 800 ఆహారం అందులోనే ఉంది. ఇళ్లు బాగుచేయడమా, పడవలు వేయడమా అన్న తొందర అక్కడ మొదలవుతుంది. దాడికీ దాడికీ మధ్య ఊపిరి తీసుకునే సమయం ఇలాంటి పనితో నిండితే ఖాళీ అనిపించదు.

భూగోళాన్ని ఉన్నదున్నట్టు దించాలన్న పట్టుదల ఒకటి ఉంటుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ, వాటి చీలికలు, ప్రతి లంకా గీస్తారు. చూడటానికి కన్నులపండువే. ఆటలో మాత్రం కంప్యూటర్ ప్లేయర్ పడవల్లో సైన్యం దించడంలో బలహీనం, అన్నీ దీవులైతే అవతలి ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. కాళ్లతో దాటగల రేవులు రెండైనా ఉండాలి. ఒకటి 8 గళ్ల వెడల్పు, ఇంకోటి 4. రెండు గళ్ల రేవు పెడితే సైన్యం వరసలో నిలబడి రెండు మాంగొనెల్‌లకు బలవుతుంది, ఆ తర్వాత ఆటలో ఏమీ మిగలదు. లోతు తక్కువ నీటిలో ఓడలూ వెళ్తాయి, మనుషులూ నడుస్తారు. ఓడలకు దారి లేదనుకుని, తెలియకుండానే అక్కడ శత్రు గాలీలకు (యుద్ధ ఓడలకు) గేటు తీసిపెట్టే మ్యాపులు ఉన్నాయి.

భూగోళం నిజంగా పనికొచ్చేది రాయి విషయంలో. ఒండ్రు నేలలో రాయి ఉండదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టకి రాయి తీసింది ధవళేశ్వరం కొండ నుంచే. మ్యాపులోనూ కింద లంకల్లో ఒక్క రాతి గని కూడా పెట్టొద్దు, అన్నీ డెల్టా తలభాగంలోనే పెట్టాలి. చేతిలో ఉన్న 200 రాయికి ఒక్క టవర్ వస్తుంది, దానికి 125 పోతుంది. కోటకి 650 కావాలంటే పైకి ఎక్కాల్సిందే. ఎవరూ మెసేజ్ పెట్టి చెప్పక్కర్లేకుండానే ఆటగాడు ఇరవయ్యో నిమిషానికల్లా ధవళేశ్వరం వైపు కదులుతాడు.

చిన్న చిక్కులు రెండు. దాడికి పుట్టించిన సైన్యాన్ని ఏఐ నడిపే ప్లేయర్‌కే ఇస్తే, ఆ ఏఐ వాళ్లని తన పనికి వాడుకుంటుంది, దాడి దారిలోనే చెదిరిపోతుంది. ఏఐ లేని వేరే ప్లేయర్ పేరు మీద పుట్టించాలి. పంపడానికి టాస్క్ ఆబ్జెక్ట్ అనే ఆదేశం వాడితే వాళ్లు బాణాలు తగులుతున్నా తలదించుకుని నడుస్తూనే ఉంటారు. దారిలో శత్రువు కనిపిస్తే పోరాడే ప్యాట్రోల్ గానీ అటాక్ మూవ్ గానీ వాడాలి.

కష్టం స్థాయిల్ని కూడా ఇదే పద్ధతిలో మార్చొచ్చు. డిఫికల్టీ లెవెల్ షరతు ఎడిటర్‌లోనే ఉంది. సులభ స్థాయిలో మూడో హెచ్చరికకీ నీళ్లకీ మధ్య 60 సెకన్లు, హార్డ్‌లో 20 పెట్టండి. ఇరవై సెకన్లంటే 16 గళ్లు, లంక చివర్న పొలం వేసినవాడు ఆలోచించుకోవాల్సిందే. ఏనుగుల సంఖ్య అన్నింటిలోనూ ఒకటే ఉండనివ్వండి.

అన్నీ కుదిరిన మ్యాపుల్లోనూ ఆఖరి ఇరవై నిమిషాలు పాడవడం మామూలు. విజయానికి షరతుగా శత్రువు సర్వనాశనం పెడతారు. కోట కూలి, టౌన్ సెంటర్లు పోయాక కూడా కోరింగ మడ అడవుల్లో ఎక్కడో ఒక చేపల పడవ మిగిలి ఉంటుంది. దాన్ని వెతకడం యుద్ధం కిందికి రాదు. విజయాదిత్యుడి కోట మీద డిస్ట్రాయ్ ఆబ్జెక్ట్ షరతు పెట్టి, అది కూలగానే డిక్లేర్ విక్టరీ ఇవ్వాలి. సముద్రం వైపు కూడా ఆటని లాగాలనుకుంటే ఒక డాక్‌ని రెండో షరతుగా చేర్చొచ్చు, కానీ కోట కూలిన ట్రిగ్గర్‌లోనే ఆ డాక్ పక్కన ఆటగాడి పేరుతో ఒక మ్యాప్ రివీలర్ (ఆ చోటుని తెర మీద కనిపించేలా చేసే వస్తువు) పుట్టించి అదెక్కడుందో చూపించాలి.