బడికి పది సెంట్ల పొలం ఇద్దాం

ఊళ్లకు దూరంగా ఉంటున్న మన సంఘం మొన్న జరిపిన ఉగాది వేడుకల్లో పిల్లలు వేసిన నాటిక చూసినవారికి ఆ ఒక్క మాట గుర్తుండే ఉంటుంది. మార్కులు తగ్గిన కొడుకుతో తండ్రి, "ఇలాగే చదివితే ఊరెళ్లి పొలం దున్నుకోవాల్సిందే" అంటాడు. హాలంతా గొల్లుమంది. నవ్వినవారిలో చాలామందికి అమలాపురం, తణుకు, భీమవరం చుట్టుపక్కల పొలాలున్నాయి, ఏటా కౌలు అందుతోంది. పిల్లల తప్పేం లేదు, ఇంట్లో విన్నదే స్టేజీ మీద చెప్పారు. ఆ నవ్వే బాధపెట్టింది.

"ఉన్నమాటే కదా" అనేవారి వాదనను కొట్టిపారేయలేం. 2011లో కోనసీమ రైతులు సార్వాకు, అంటే వానాకాలం వరికి, పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతుంటే, పెట్టుబడికి తగ్గ ధర రాకపోతే ఎవరైనా ఎన్నాళ్లు దున్నుతారు? అయితే పొలంలో కష్టం ఉందని పిల్లలకు చెప్పడం వేరు, అది చదువు రానివాళ్లు చేసే పని అని చెప్పడం వేరు. రెండోది పచ్చి అబద్ధం.

సంఘాల తరఫున ఊరి హైస్కూళ్లకు బెంచీలిచ్చాం, ప్రొజెక్టర్లిచ్చాం. మంచిదే. ఈసారి పంట బోదె (పొలానికి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) పక్కన పది సెంట్ల చేను ఇద్దాం. డెల్టాలో బడీ సార్వా రెండూ జూన్‌లోనే మొదలవుతాయి. బళ్లు తెరిచిన వారంలోనే నారు పోసుకోవచ్చు.

పది సెంట్లకు రెండు, రెండున్నర కిలోల విత్తనం, అర సెంటు నారుమడి చాలు. ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి మొలక చూడాలి. ఎనభైకి తగ్గితే ఆ విత్తనం వద్దు. శాతాల లెక్క ఆరో తరగతి వాళ్లకు ఇంతకంటే బాగా ఎక్కడ అర్థమవుతుంది? తర్వాత బకెట్ నీళ్లలో కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి విత్తనం పోస్తే తాలు, అంటే గింజ పట్టని పొట్టు, పైకి తేలుతుంది. సాంద్రత పాఠం అక్కడే అయిపోతుంది. మునిగిన గింజల్ని మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, ఉప్పు అంటుకుని ఉంటే మొలక దెబ్బతింటుంది. ఒక రోజు నానబెట్టి, నీళ్లు వంచేసి, గోనెలో మూటగా మండె కట్టి మరో రోజు, రోజున్నర ఉంచితే ముక్కు పగిలి మొలక కనబడుతుంది. మండె మీద మధ్యమధ్యలో నీళ్లు చల్లకపోతే లోపల వేడెక్కి గింజ చచ్చిపోతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే మొలక పొడుగై, చల్లేటప్పుడు విరిగిపోతుంది.

ఊడ్పుకి, అంటే నాట్లకి, పాతిక రోజుల నారు సరిపోతుంది. నారు కొసలు తుంచి నాటితే ఆకు చివర కాండం తొలుచు పురుగు పెట్టిన గుడ్లు చాలావరకు పోతాయి. రెండు, మూడు సెంటీమీటర్ల లోతు చాలు, అంతకు మించి గుచ్చితే పిలకలు తగ్గుతాయి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదలాలి. వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమ కాలం వచ్చాక గాలీ వెలుతురూ దుబ్బు మొదలుదాకా చేరేది ఆ బాటల్లోంచే.

చేనుని రెండు ముక్కలు చేసి ఒక దాంట్లో స్వర్ణ, ఇంకో దాంట్లో కాటన్‌దొర సన్నాలు అనే వరి రకాలు వేయించాలి. రెండూ మార్టేరు వరి పరిశోధన స్థానం ఇచ్చినవే, వాటి నంబర్లు ఎంటీయూ 7029, ఎంటీయూ 1010. స్వర్ణ నూటయాభై రోజుల పంట, కోతకొచ్చేసరికి నవంబరు, అంటే తుపానుల నెల. 1996 నవంబరు 6 నాటి తుపానుని కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. రెండోది నూటఇరవై రోజులకే వస్తుంది. కానీ చుట్టూ పచ్చి చేలుండగా ఒక్క ముక్కే పండితే పిట్టలూ ఎలుకలూ దాని మీదే పడతాయి. ఊరంతా ఒకే కాలపు రకం ఎందుకు వేస్తారో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

అసలు పరీక్ష దసరా సెలవుల్లో. స్వర్ణ పొట్టమీదుంటుంది (వెన్ను ఇంకా బయటికి రాదు), బళ్లో ఎవరూ ఉండరు, సుడిదోమ పెరిగేది అప్పుడే. ఉపాధ్యాయుడు ముందుగానే వంతులు వేయాలి. ఒక చిన్న మడికి కావాలనే యూరియా రెట్టింపు వేయించి చూపించవచ్చు. అందరికంటే పచ్చగా ఏపుగా ఉండేది ఆ మడే, దోమ ముందు పట్టేదీ దాన్నే. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. దుబ్బుని వంచి మొదట్లో చేత్తో తడితే నీళ్ల మీద గోధుమరంగు దోమలు రాలతాయి. అవి లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ముందు చేయాల్సింది నీళ్లు తీసేసి చేను ఆరగట్టడం. కంగారుపడి సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే దోమను తినే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది. మందు కొట్టాల్సివస్తే పెద్దవాళ్లే కొట్టాలి, పిల్లలు ఆ రోజు చేలో అడుగుపెట్టకూడదు. "బడికి పంపింది కూలిపనికా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. వారానికి రెండు పీరియడ్లు మించకపోతే, చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలోకి ఎక్కితే వాళ్లకి జవాబు చెప్పొచ్చు.

కోత తర్వాత లెక్క. ఎకరానికి ముప్ఫై బస్తాలైతే పది సెంట్లకు మూడు, అంటే 225 కిలోలు. 2025-26 సీజన్‌కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున సుమారు 5,330 రూపాయలు, అదీ తేమ 17 శాతం దాటకపోతే. అందులోంచి దుక్కి, ఊడ్పు, కోత, కౌలు తీసేస్తే ఏం మిగులుతుందో పిల్లలే తేల్చాలి. ఇంకో లెక్క కూడా వేయించాలి. 225 కిలోల ధాన్యం ఆడిస్తే 150 కిలోల బియ్యం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు బడి భోజనంలో తలకు 150 గ్రాములు, అంటే వెయ్యి భోజనాలు. ఆ పథకానికి కోనసీమలోని లంకల గన్నవరంలో దారినపోయే వారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఉంది.

ఈ చేను చూసిన పిల్లలందరూ రైతులు కావాలని కాదు. పదో తరగతి అయ్యాక వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ఉందని, అక్కణ్ణుంచి అగ్రిసెట్ ప్రవేశపరీక్ష రాసి బీఎస్సీలో చేరొచ్చని, వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉందని చాలా ఇళ్లలో తెలియదు. కడియం నర్సరీల్లో అంటు కట్టే చేతికీ, భీమవరం ల్యాబుల్లో రొయ్యపిల్లకు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షలో చూసే చేతికీ పని ఉంది.

ఇంకొక్కటి, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ బళ్లో చదివేవారిలో చాలామంది మన పొలాలు కౌలుకు చేసే రైతుల పిల్లలు. కౌలుకు సాగు చేస్తున్నట్టు ప్రభుత్వం ఇచ్చే కౌలు కార్డు లేకపోతే తండ్రికి పంటరుణం రాదు, పంట మునిగితే పరిహారమూ అందదు. అలాంటి ఇంట్లో వ్యవసాయం మంచి వృత్తి అని మాస్టారు ఎంత చెప్పినా పిల్లవాడు నమ్మడు. 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు పదకొండు నెలలకే ఇస్తారు, భూమి హక్కు మన పేరునే ఉంటుంది. భూమి పోతుందేమోనని ఆ కార్డు కాగితం మీద సంతకం ఆపినవారు దయచేసి ఆ భయం వదిలి సంతకం పెట్టండి.

ఈ చలికాలం ఊరెళ్లినప్పుడే హెడ్మాస్టరుతో, కౌలు రైతుతో కూర్చుని బోదెకు దగ్గరగా, మురుగు బయటికి పోయే చోట పది సెంట్లు గుర్తించి రండి. వేసవిలో కాలువల్లో నీళ్లు ఆపేసినప్పుడు గట్లు వేసి చదును చేయిస్తే జూన్ నీళ్లకు మడి సిద్ధంగా ఉంటుంది.