కూలర్ పెట్టి తలుపులు బిగించమన్నదెవరు?

ఎండలు ముదిరాయో లేదో, వాట్సాప్‌లో మళ్ళీ అదే మెసేజ్. బంధువుల గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, పాత ఆఫీసు గ్రూప్, ఎక్కడ చూసినా అదే. "ఏసీ లేకుండా మీ గది ఊటీ! సైన్స్ చెప్పిన ఐదు చిట్కాలు." చివర పది మందికి పంపమని ఆజ్ఞ. మనవాళ్ళు దాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటిస్తారు.

మొదటిది, రాత్రి ఫ్రిజ్ తలుపు తీసి పడుకోవాలట. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసినవాళ్ళెవరూ ఈ మాట రాయరు. లోపల లాగిన వేడి అటు వస్తుంది, కంప్రెసర్ తిన్న కరెంటూ వేడిగా మారి దానికి తోడవుతుంది. గది ఊడ్చి, ఆ చెత్త అదే గదిలో ఇంకో మూల పోసి, పైన మరో గుప్పెడు వేసినట్టు. తెల్లారేసరికి ఉక్క మిగులుతుంది, పాలు విరుగుతాయి.

ఎవరూ లేని గదిలో ఫ్యాన్ వేసి ఉంచితే ముందే చల్లబడుతుందా? మూసిన గదిలో మోటారు వేడి తప్ప ఏమీ రాదు.

ఫ్యాన్ కింద గిన్నెడు ఐసు. ఒక టన్ను ఏసీ చేసే పని, రోజుకు 907 కిలోల మంచు కరగడంతో సమానం. ఆ లెక్కన కిలో ఐసు ఇచ్చేది ఆ ఏసీ ఒకటిన్నర నిమిషంలో ఇచ్చే చల్లదనం. పైగా ఆ ఐసు మన ఫ్రిజ్‌లోనే చేస్తే దాని వేడి అప్పటికే వంటింట్లో తిష్ఠ వేసి ఉంటుంది.

వీటితో పోయేది కరెంటు బిల్లే. నాలుగోది అలా కాదు: "కూలర్ వేసి తలుపులు, కిటికీలు బిగించండి. పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే తప్పనిసరి." కూలర్‌లో లీటరు నీరు ఆవిరైతే గాలి నుంచి సుమారు 2,400 కిలోజౌల్స్ వేడి తీసుకుంటుంది, అదే కిలో ఐసు కరగడానికి పట్టేదానికి ఏడు రెట్లు. అందుకే 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రెంటచింతల గాలిని ఎంత మంచి కూలరైనా 24 దాకా దించగలదు. 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న కాకినాడ గాలిని మాత్రం 29 కిందికి దించడం దాని తరం కాదు. గది బిగిస్తే రెంటచింతలలోనూ కాసేపటికి కాకినాడే. తీసుకున్న వేడి ఎక్కడికీ పోలేదు, ఆవిరిలో దాక్కుని గదిలోనే ఉంది. గోడలు, పైకప్పు కొత్త వేడి పంపుతూనే ఉంటాయి. ఊరికే కూర్చున్నా మన ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. గది 38కి చేరితే అది బయటపడడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. తేమ నిండిన గాలిలో చెమట కారుతుంది గానీ ఆరదు. వడదెబ్బ ఎండలోనే కొడుతుందని ఎవరన్నారు? ఎనభై ఏళ్ళ నానమ్మను అందులో పెట్టి తలుపేయమని సలహా ఇచ్చిన ఆ మహానుభావుడు ముందు తాను ఒక మధ్యాహ్నం కూర్చుని చూడాలి.

ఐదోది చదివి నవ్వబోయి ఆగాను. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లమన్నాడు. ఇది నిఖార్సయిన మాట, పొడి ఎండల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాకపోతే తడకలోంచి గాలి రావాలంటే కిటికీ తెరిచి ఉండాలి. నాలుగో చిట్కాలో దాన్నే కదా బిగించమన్నాడు!