రిజిస్టర్ ఆరోగ్యం భేషుగ్గా ఉంది

వృద్ధాశ్రమాల మీద లేనిపోని నిందలు వేసేవాళ్లు ముందు అక్కడి మందుల రిజిస్టర్ చూడాలి. హన్మకొండ దగ్గర ఒకచోట నేను చూశాను. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. నెలంతా ఒకే నీలి పెన్ను. నేను వెళ్లింది గురువారం. శనివారం రాత్రి గోళీలు కూడా అప్పటికే ఇచ్చేసి ఉన్నారు. ఇంత ముందుచూపున్న సంస్థ జిల్లాలో ఇంకోటి ఉంటే చూపించండి.

నర్సింగ్ చదివినవాళ్లకు ఒక చాదస్తం ఉంది. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన వేళకు, సరైన పద్ధతిలో ఇవ్వాలట. మింగింది కళ్లారా చూశాకే టిక్కు పెట్టాలట. వద్దంటే వద్దన్నదని, కక్కితే కక్కిందని రాయాలట. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా, కింద రాసింది కనపడేలా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయాలట. ఇవన్నీ పాటిస్తే పుస్తకం ఎంత వికారంగా తయారవుతుందో వాళ్లకేం తెలుసు?

అసలు మన దగ్గర సరైన మనిషిని పట్టుకోవడమే కష్టం. సమ్మక్కా అని పిలిస్తే ఇద్దరు పలుకుతారు. ఒకరిది షుగర్ గోళీ, ఇంకొకరిది థైరాయిడ్ గోళీ. పేరు పక్కన ఫొటో అంటించొచ్చు కదా అంటారు. ఫొటోకు ఖర్చవుతుంది. ఏది ఎవరి కడుపులోకి పోయినా టిక్కు మాత్రం ఇద్దరికీ సమానంగా పడుతోంది, చాలదా? ఇక మేడారం జాతరప్పుడైతే, ఆయా అక్కడ నిలువెత్తు బంగారం తూకం వేయించుకుంటుంటే ఆమె సంతకం ఇక్కడ మూడు పూటలా పడింది. తల్లుల మహిమ.

ఒక అవ్వకు కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ రాశారు. అది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రిజిస్టర్‌లో వారానికి ఏడు టిక్కులున్నాయి. అవ్వ మాత్రం నిక్షేపంగా ఉంది. రిజిస్టర్ నిజమైతే ఏమయ్యేదో ఆలోచించండి. అబద్ధం రాయడం వల్ల ప్రాణాలు నిలబడతాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నెలకోసారి డాక్టరు గారు వస్తారు. ఇంకో అవ్వ పేజీ తిరగేశారు. టెల్మిసార్టన్ 40 ఒక్క పూట తప్పలేదు, అయినా బీపీ దిగలేదు. ఆయన చేసేదేముంది, 80 రాశారు. ఆ 40లన్నీ దిండు గలేబులో భద్రంగా ఉన్న సంగతి ఆయనకెవరు చెప్తారు? అదే వారం ఒక కొత్త పిల్ల పనిలో చేరింది. అనుభవం లేదు పాపం. “అవ్వా, నోరు తెరువు, మింగినవా లేదా” అంటూ పక్కన నిలబడి మరీ వేసింది. మూడోనాడు బాత్‌రూమ్‌కు లేచిన అవ్వ కళ్లు తిరిగి పడింది. తుంటి విరిగింది.

మేనేజర్ గారు వెంటనే విచారణ జరిపారు. తప్పు కొత్త పిల్లదేనని తేలింది. ఆమె రాకముందు ఎవరూ పడలేదు మరి. ఆ సాయంత్రమే మాన్పించేశారు. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసి, అవ్వ ఇన్నాళ్లూ ఏ మందులు ఎంతెంత వాడుతోందో చెప్పమన్నారు. మేనేజర్ గారు ఏ టెన్షన్ లేకుండా రిజిస్టర్ జిరాక్స్ తీయించి పంపారు.