స్టేజీ దిగిన ప్రిసిల్లా రిచ్‌కి దక్కని క్రెడిట్

18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైన మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమం పాటల చరిత్ర ఎవరు రాసినా సంగీతకారుడు హేండెల్ పేరు, పాటలు రాసిన బోధకుడు చార్లెస్ వెస్లీ పేరు గొప్పగా చెప్తారు, వాళ్లిద్దర్నీ కలిపిన ఆడమనిషిని మాత్రం ఫలానాయన భార్య అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆవిడ ప్రిసిల్లా రిచ్. నటి. 1732లో లండన్‌లో కోవెంట్ గార్డెన్ థియేటర్ కట్టించిన జాన్ రిచ్‌ని 1744లో పెళ్లి చేసుకుంది. ఆ థియేటర్‌కి దగ్గర్లోనే వెస్ట్ స్ట్రీట్‌లో 1743 నుంచి మెథడిస్టుల చాపెల్ నడిచేది, అక్కడ చార్లెస్ ప్రసంగాలు విని నాటకాలు మానేసింది. మళ్లీ వెయ్యమని భర్త వెంటపడితే, స్టేజీ ఎక్కితే నాటకాలకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికే ఎక్కుతా అందట.

ఈ మాట ఊరికే అనగలిగేది కాదు. 1737లో నాటకాల మీద వచ్చిన లైసెన్సింగ్ చట్టం తర్వాత లండన్‌లో నాటకాలకి పర్మిషన్ ఉన్న పెద్ద థియేటర్లు రెండే, అందులో ఒకటి మొగుడిదే, అంటే ఇంట్లోనూ పనిలోనూ యజమాని ఒకడే. ఇటు చూస్తే మెథడిస్టు బోధకులకి నాటకమంటే సైతాను ఇల్లు. అటు నాటకాలవాళ్లేమన్నా తగ్గారా, 1760లో శామ్యూల్ ఫూట్ వేసిన కామెడీలో మెథడిస్టు భక్తురాలు వేశ్యాగృహం నడిపే ముసలావిడ, జనం పగలబడి నవ్వారు. రెండువైపులా తిట్లు పడింది ఆడవాళ్లకే.

మన దగ్గర కళావంతుల ఆట మానిపించిన యాంటీ నాచ్ ఉద్యమం గురించి చదివినవాళ్లకి ఈ వరస కొత్తగా అనిపించదు, ఆట మానెయ్ అని చెప్పేవాళ్లు బోలెడుమంది, ఆ తర్వాత ఆమె బతుకేంటి అని అడిగేవాళ్లు బహు తక్కువ.

ప్రిసిల్లా స్టేజీ దిగింది గానీ స్టేజీ మనుషుల్ని వదల్లేదు, నాకు ఆమెలో నచ్చేది అదే. థియేటర్ సంగీతకారుడు జాన్ ఫ్రెడరిక్ లాంప్ చార్లెస్‌కీ, ఆయన అన్న, ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీకీ దగ్గరయ్యి 1746లో వాళ్ల పాటలకి 24 బాణీలు కట్టాడు, లాంప్ భార్య ఇసబెల్లా కూడా స్టేజీ గాయనే. రిచ్ కుటుంబంతో ఉన్న స్నేహం వల్లే హేండెల్ కూడా చార్లెస్ పాటలు మూడింటికి బాణీ ఇచ్చాడు, ఆ రాతప్రతిని చార్లెస్ కొడుకు శామ్యూల్ 1826లో కేంబ్రిడ్జ్‌లో చూసేదాకా అది అలాగే పడుంది. చార్లెస్ పెద్దకొడుకు చిన్నప్పుడే సంగీతంలో దిట్ట, వాడికి హేండెల్ పాటల పుస్తకం ఇచ్చింది కూడా ఈవిడే.

పాటకి ఇంత స్వాగతం చెప్పినవాళ్లు ఆడవాళ్ల మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం తడబడ్డారు. 1761లో డర్బీలో సారా క్రాస్బీ అనే మెథడిస్టు కార్యకర్త ఓ ముప్పై మంది వస్తారనుకుని మీటింగ్‌కి వెళ్తే దాదాపు 200 మంది వచ్చారు, విడివిడిగా మాట్లాడ్డం కుదరక అందరికీ కలిపి చెప్పింది. జాన్ వెస్లీ తర్వాత ఆమెకిచ్చిన సలహా ఏంటంటే బైబిల్ వాక్యం తీసుకుని ప్రసంగించొద్దు, నాలుగైదు నిమిషాలకోసారి ఆపి మళ్లీ మొదలుపెట్టు అని. అంటే ఆమె చెప్పేది ప్రసంగం అనిపించకుండా చూసుకోవాలన్నమాట! 1787లో సారా మాలెట్ అనే ఆవిడకి ప్రసంగించడానికి పర్మిషన్ ఇచ్చారు, వెస్లీ 1791లో పోయాడు, 1803లో మెథడిస్టు బోధకుల కాన్ఫరెన్స్‌లో ఆడవాళ్లు మామూలుగా ప్రసంగించకూడదు, మరీ ప్రత్యేకమైన పిలుపు ఉంటే ఆడవాళ్లకే చెప్పుకోవాలి అని తేల్చేశారు. ఇది అన్యాయం, వేలమందిని సంఘంలోకి తెచ్చిన ఆడవాళ్లకి చేసిన నమ్మకద్రోహం అంటాను నేను.

1761లో జాన్ రిచ్ చనిపోయాక థియేటర్ ప్రిసిల్లా చేతికొచ్చింది, సవతి కూతురి భర్త, హేండెల్ పాటలు పాడి పేరు తెచ్చుకున్న జాన్ బియర్డ్ దాన్ని నడిపాడు, 1767లో 60,000 పౌండ్లకి అమ్మేశారు. నాటకం పాపమన్న మనిషి ఆ డబ్బెలా తీసుకుంది అని కొందరు దెప్పుతారు. కానీ అది కూతుళ్ల ఆస్తి కూడా, దాని మీద జీతానికి బతికే నటీమణులున్నారు, ఆ ఆరేళ్లూ తలుపులు మూసేసుంటే ముందు రోడ్డున పడేది వాళ్లే.