ముందొచ్చిన వాన అందరికీ తీపి కబురు కాదు

2025 మే నెల అనగానే పట్నంలో ఉండేవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. ఆ వేసవిలో వడగాడ్పుల రోజులు మామూలుకన్నా ఎక్కువ ఉంటాయని వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. తీరా చూస్తే రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో ముసురు పట్టింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత వాన పడిన మే లేదు. రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, 26 నాటికి మహబూబ్‌నగర్ దాకా వచ్చేశాయి. ఇక టీవీల సంబరం చెప్పనక్కర్లేదు, పూటకోసారి ‘రైతన్నకు తీపి కబురు’!

ఏ రైతన్నకు? యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో రాశి పోసి, కాంటా ఎప్పుడు వేస్తారా అని కాచుకున్న రైతుకా? పైన పట్టా ఎంత గట్టిగా కప్పినా నీళ్లు అడుగు నుంచి చేరతాయి. పొద్దున పట్టా తీసి చెయ్యి పెడితే రాశి లోపల వెచ్చగా తగులుతుంది, ఇంకో రెండు రోజులకు అడుగు గింజలకు తెల్లటి మొలకలు. తేమ 17 శాతం దాటితే తీసుకోరు. పరిచి ఆరబోయాలి, ఆరేలోపు మళ్లీ మబ్బు. మామిడి తోటల సంగతి ఇక ఎత్తను.

అసలు కోపం దాని తర్వాతి ముచ్చట మీద. రుతుపవనాలు వచ్చాయన్నారు కదా అని మృగశిర రాకముందే పత్తి గింజలు పెట్టినవాళ్లు ఎందరో. మే 29 తర్వాత ఆ రుతుపవనాలు జూన్ మధ్య దాకా ఉన్నచోటే నిలబడిపోయాయి. ఆ ఏడు పత్తి విత్తనాల ప్యాకెట్ 901 రూపాయలు, ఎకరాకు రెండు. మొలక ఎండితే మళ్లీ కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి. అప్పుడు తీపి కబురు చెప్పిన నోళ్లు ఒక్కటీ పెగల్లేదు.

దీర్ఘకాలిక సగటులో 106 శాతం వాన పడుతుందని మే చివర్లో వాతావరణ శాఖ అంచనా వేసింది, చివరికి 108 శాతం పడింది. శాఖను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ అది నాలుగు నెలలకు, దేశమంతటికీ కలిపి చెప్పిన లెక్క. జూన్‌లో మీ చేను ఎండినా, ఆగస్టు చివర కామారెడ్డి మునిగినా అన్నీ ఆ 108లోనే కలిసిపోతాయి. ఆ శాతం చూసి విత్తనాలు కొనమని చెప్పేవాళ్లకు పొలం ఉందా అని నా అనుమానం.

పనికొచ్చే మాట వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉన్నారు: 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే పత్తి విత్తాలి అని. అది పత్రికల్లో ఏ మూలనో నాలుగు వరుసల్లో వస్తుంది. ఈసారి రుతుపవనాల ఫొటో వేసినప్పుడు దాని కిందే, అంతే పెద్ద అక్షరాల్లో ఈ మాట కూడా వేయండి. మండలంలో నిన్నటిదాకా ఎన్ని మిల్లీమీటర్లు పడిందో పక్కనే వేస్తే ఇంకా మంచిది. స్థలం చాలకపోతే తీపి కబురు తీసేయండి.