ఎయిర్‌లైన్ స్టాఫ్‌ని ఖాళీ ఉంటేనే ఎక్కించే స్టాండ్‌బై టికెట్టు గారికి

మహారాజశ్రీ స్టాండ్‌బై టికెట్టు గారి దివ్యసముఖానికి, ఢిల్లీలో బేస్, అంటే డ్యూటీ ఎక్కే ఊరు, కూకట్‌పల్లిలో కాపురం ఉన్న ఒక విమాన కెప్టెన్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీకేం, మీరెప్పుడూ క్షేమమే.

నిన్న మా నాన్న తద్దినం. తిథి రోస్టర్ చూసి రాదు కాబట్టి నెల ముందే సెలవు అడిగాను. సెలవు ఇవ్వలేదు గానీ సరిగ్గా ఆ రోజే వీక్లీ ఆఫ్ పడింది. నాన్నే వేయించాడనుకున్నాను. మొన్న రాత్రి పదకొండున్నరకి ఢిల్లీలో దిగి, మహిపాల్‌పూర్‌లో నలుగురం పైలట్లం కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో మూడు గంటలు పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా తమరి దర్శనానికి వచ్చాను.

ఐదున్నర ఫ్లైటు ఫుల్. ఏడు నలభైకి రెండు సీట్లున్నాయి, లిస్టులో నేను మూడోవాణ్ణి. కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీటు, జంప్ సీటులో అప్పటికే ఇంకో కెప్టెన్ సెటిలయ్యాడు. ఇవేవీ కొత్త కాదు. మూడేళ్లుగా మీ గుమ్మంలో నిలబడుతున్నవాణ్ణి, ఆ మాత్రం ఓర్పు ఉంది.

పదింపావు ఫ్లైటుకి మాత్రం మీరు కరుణించారు. "సీటొచ్చింది సార్" అన్నాడు గేటు దగ్గరి కుర్రాడు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి, రెండింటికల్లా వస్తున్నా, పంతులుగారిని ఆపండి అన్నాను. 27బి. బెల్టు పెట్టుకున్నాను. కిటికీ పక్కన కాశీ నుంచి వస్తున్న మన పెద్దావిడ. ఏం చేస్తుంటావు బాబూ అనడిగింది. పైలట్‌నమ్మా అన్నాను. "మరి ఇక్కడ కూర్చున్నావేం?" అని, నవ్వి, జంతికల డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. ఒకటి తీసుకున్నాను. నోట్లో పెట్టుకోలేదు ఇంకా.

అప్పుడొచ్చాడు ఆ కుర్రాడే, వంగి, చెవిలో చెప్పినట్టు: "సార్, సారీ సార్."

లేటుగా వచ్చిన ప్యాసింజర్‌ని చివరి నిమిషంలో ఎక్కించుకున్నారట. ఆయన వెనకాలే ఉన్నాడు, చేతిలో కాఫీ కప్పు, ఎక్కడా పరిగెత్తిన జాడ లేదు. నేను లేచి పైనుంచి బ్యాగు తీసుకుంటుంటే రెండు వైపులా తలలు పైకి లేచాయి. అంత సన్నటి దారిలో, జంతిక చేత్తో పట్టుకుని, ఎదురొచ్చేవాళ్లకి ఒదుగుతూ నడుస్తుంటే వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

"పైలట్‌నన్నాడే! టికెట్టు లేకుండా ఎక్కాడు కాబోలు పాపం."

అయ్యా టికెట్టూ, ఆవిడ తప్పేం లేదు. టికెట్టు ఉండీ లేనట్టుండటమే కదా నువ్వంటే. ముందురోజు అదే కంపెనీ విమానంలో 186 మందిని నా చేత మోయించారు. మర్నాడు నన్నొక్కణ్ణి మోయడానికి చోటు లేదా? అదే కంపెనీకి నాతో పని పడితే డెడ్‌హెడ్ అని కన్ఫర్మ్ సీటిచ్చి, ఆ టైమంతా డ్యూటీ కింద రాసి మరీ తీసుకెళ్తారు. నేను ఇంటికెళ్లాలంటే మాత్రం నువ్వు. పైగా గేటు ముందు నేను కాళ్లు పీకేలా నిలబడ్డ గంటలన్నీ విశ్రాంతి లెక్కే! 2025 జూలై నుంచి వారం విశ్రాంతిని 36 గంటల నుంచి 48 చేశారు, పైలట్లు అలసిపోకూడదని. పెరిగిన ఆ 12 గంటలూ నీకే సమర్పయామి.

తమ్ముడు చేశాడు తద్దినం. పెద్దకొడుకేడీ అని పంతులుగారు అడిగితే "వెయిటింగ్‌లో ఉన్నాడండీ" అన్నాడట వెధవ. కాకి ఒక్క పిలుపుకే వచ్చి ముద్ద తినిపోయిందట. దానికి లిస్టు లేదు.

అందరూ సలహాలిచ్చేవాళ్లే. ఢిల్లీకి మారిపొమ్మంటారు. మా ఆవిడది ఇక్కడ గవర్నమెంటు టీచరు ఉద్యోగం, పిల్లాడిది టెన్త్, అమ్మేమో కరివేపాకు కొనుక్కోవాల్సిన ఊరికి రానంటుంది. దుబాయ్ వెళ్లమంటారు. వెళ్తే మాత్రం అక్కణ్ణుంచి రావడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? ఇంకో కంపెనీవాళ్లు హైదరాబాద్ బేస్ ఇస్తామన్నారు. సీనియారిటీ మళ్లీ అట్టడుగు నుంచి, అయినా సరే అనుకున్నాను. ఉద్యోగం మానడానికి ఇవ్వాల్సిన నోటీసు చూస్తే 2017 నుంచి కెప్టెన్‌కి ఏడాది. నన్ను సీట్లోంచి లేపడానికి నీకు అర నిమిషం, నేను ఉద్యోగంలోంచి లేవడానికి ఏడాది! అదీ పోనీలెమ్మని ఆఫర్ లెటర్ చివరిదాకా చదివాను. "కంపెనీ అవసరాలను బట్టి బేస్ మార్చవచ్చు" అని ఉంది. అంటే అక్కడా నువ్వే. కమాండ్ వచ్చి కెప్టెన్‌నైనప్పుడు ఇక్కడివాళ్లూ ఇలాగే అన్నారు, ఢిల్లీ ఆరు నెలలే అని.

సాయంత్రం ఆరు నలభై ఫ్లైటులో చివరి వరసలో పడేశావు, దండం. శంషాబాద్‌లో దిగి బయటికొస్తే పుష్పక్ బస్సు కదలబోతోంది. నిండుగా ఉంది. "ఎక్కండి సార్, చోటు చేద్దాం" అన్నాడు డ్రైవరు, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టించుకుని. పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదంటారు కదా, ఆ పేరు విమానాలకి కాక బస్సుకి ఎందుకు పెట్టారో నిన్న తెలిసింది. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఎంత రద్దీలోనైనా ఇంటికెళ్లే స్టాఫ్ చెయ్యెత్తితే ఆపేవాడు. ఇంజిన్ బానెట్ మీద మడతపెట్టిన దుప్పటి పరిచి కూర్చోబెట్టేవాడు. చిన్నప్పుడు నేనూ ఆ దుప్పటి మీద కూర్చున్నాను. కింద వెచ్చగా కాలేది. దిగమని ఎవరూ అనలేదు.

పదిన్నరకి ఇల్లు చేరాను. అమ్మ గారెలు మూతపెట్టి ఉంచింది.

ఇవాళ సాయంత్రమే తిరుగు ప్రయాణం. లోడ్ చూశాను, రెండు ఖాళీ. లిస్టులో నాది మళ్లీ మూడో పేరే. రెండో పేరు నాకు తెలిసినవాడిదే. వాడిదీ కెప్టెన్ ర్యాంకే, అదే విమానం. సొంతూరు ఢిల్లీ, బేస్ హైదరాబాద్. ఇద్దరం మార్చుకుంటామని మ్యూచువల్‌కి అర్జీ పెట్టి ఏడాదిన్నరయింది. అలాంటి పాలసీ లేదన్నారు. ఇందాక వాడే ఫోన్ చేశాడు.

"నువ్వెళ్లు అన్నా, నేను రాత్రి దానికి చూసుకుంటా."

అర్థమైందా టికెట్టూ?

ఇట్లు,
27బి